ఎవరూ దోచుకోని డబ్బా

కొత్తగా వెల్ఫేర్ ఆఫీసర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు చంద్రపూర్‌లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, నా మోకాళ్ల గురించి మర్యాదగా వాకబు చేస్తారు, ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: "మేడం, డిప్రెషన్‌తో సెలవు పెట్టినవాడు మళ్లీ డ్యూటీకి వస్తే ఏం మాట్లాడాలి?"

ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఏం మాట్లాడకూడదో మాత్రం బాగా తెలుసు. అవన్నీ నేనే మాట్లాడి చూశాను.

మా నాన్న బొగ్గు గనిలో కూలీ. నాకు సుగుణ అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టు ఉండాలని చర్చిలో అందరూ దీవించారట. ఆ దీవెన ఎక్కడ దారి తప్పిందో కనుక్కోవడం తర్వాత నా పై అధికారుల పని అయింది. చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు అక్షరాలు ఆదివారం బడిలో నేర్చుకున్నవి కనుక, ఈ రాతలో ఎక్కడైనా ప్రసంగం వాసన వస్తే కిటికీ తెరుచుకోండి.

ప్రమోషన్ల గురించి రాయను. అవి నన్ను పెద్దగా పట్టించుకోలేదు, నేనూ వాటిని పట్టించుకోదలచుకోలేదు.

మూడు అంటే మూడో షిఫ్టు

నేను వెల్ఫేర్ ఆఫీసరుగా పనిచేసిన బొగ్గు గనికి మేనేజర్ కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. మనసు జబ్బుతో సెలవు పెట్టిన మనిషి గురించి మొదటిసారి ఆయన ముందు నోరెత్తినప్పుడు కళ్లజోడు తీసి నన్ను చూశారు.

"మూడ్ బాగాలేదని సెలవా? మా గనిలో మూడు అంటే మూడో షిఫ్టేనమ్మా. రమ్మనండి, వేస్తాను."

ఆయన నవ్వారు. ఆయన మేనేజర్ కాబట్టి నేనూ నవ్వాను.

చెడ్డవాడు కాదు. చెయ్యి విరిగిన కార్మికుణ్ణి తన జీపులో ఆసుపత్రికి పంపి తాను బస్సులో ఇంటికెళ్లిన మనిషి. కట్టు కనిపిస్తే ఆయన గుండె కరిగేది. కట్టు కనిపించని జబ్బంటేనే నమ్మకం కుదిరేది కాదు. గడ్‌చాందూర్ వైపు అన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, మనసుకు కట్టు కట్టే సిమెంటు మాత్రం ఎవరూ తయారు చేయలేదు. అందుకే మన ఉద్యోగం పుట్టింది.

ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకూ లేదు. సామాన్ల గోదాములో పనిచేసే ఒకాయన చాలాకాలం సెలవులో ఉండి తిరిగొచ్చాడు. వస్తూనే అందరికీ స్వీట్లు పంచాడు. రెండు షిఫ్టులు చేస్తానన్నాడు. గని ముందు గులాబీ తోట వేస్తానని సొంతంగా గుంతలు కూడా తవ్వేశాడు. నేను మురిసిపోయి మీటింగులో ఆయన్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. అది విన్న మా ఆసుపత్రి డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"నిద్రపోతున్నాడా అని అడిగారా?"

అడగలేదు. ఆయన కొన్ని రాత్రులుగా కన్ను మూయలేదు. నేను కోలుకోవడం అనుకున్నది, జబ్బు అటు పక్కనుంచి ఇటు పక్కకు తిరిగి పడుకోవడమని ఆమె చెప్పాక తెలిసింది. ఆ వారమే మళ్లీ ఆసుపత్రిలో చేరాడు. గుంతలు మిగిలాయి, వానాకాలంలో వాటిలో నేనే పడ్డాను. అప్పటినుంచి ఎవరు తిరిగొచ్చినా నా మొదటి ప్రశ్న "బాగున్నవా" కాదు, "నిద్ర వడుతుందా".

రెండో ప్రశ్న ఏమిటో నాకు నేర్పింది పోశం.

సొంత డబ్బా పనికిరాదు

మా గనిలోకి మనుషుల్ని దించే బండి ఉంది. వాలుగా ఉన్న సొరంగంలో పట్టాల మీద ఆ బండి తాడుతో దిగుతుంది, తాడుతో ఎక్కుతుంది. పైన యంత్రపు గదిలో ఒకడు తాడు చుట్టే డ్రమ్ము ముందు కూర్చుని, గంటలు విని, లీవరు నడుపుతాడు. బండి కదులుతున్నంతసేపు కళ్లు తాడు మీదినుంచి తియ్యకూడదు. తాడు చివర ఉండేది బొగ్గు కాదు, మనుషులు.

విసాపూర్ పోశం ఏళ్ల తరబడి ఆ లీవరు దగ్గరే ఉన్నాడు. ఆయన దించితే చేతిలో చాయ్ తొణకదని కార్మికులు చెప్పుకునేవారు. ఆ గదిలోనే గజానన్ అని ఇంకో ఆపరేటరు, మరాఠీ మనిషి. గని నోటి దగ్గర బండి ఎక్కేవాళ్లను చూసుకునేవాడు మల్లేష్. మల్లేష్, పోశం ఒకరికొకరు బావలు. చుట్టరికం ఏమీ లేదు. తిట్టుకోవడానికి సౌకర్యంగా ఉంటుందని కలుపుకున్న వరస.

వాళ్లకో ఆచారం ఉండేది. తిండి వేళకు ఎవరి డబ్బా వాళ్లు తెరవకూడదు. మల్లేష్ డబ్బా పోశం తెరవాలి, పోశం డబ్బా గజానన్ దోచుకోవాలి, గజానన్ తెచ్చే జొన్నరొట్టె, భాకరీ, ఎవరి చేతికి దొరికితే వాళ్లది. సొంత డబ్బా పనికిరాదన్నది ఆ గదిలో చట్టం. (మన ఆఫీసుల్లోనూ ఈ చట్టం ఉంటే ఎన్ని మీటింగులు తగ్గేవో!) దోచుకున్నవాడు వండినవాళ్లకు వంక పెట్టాలి, పోగొట్టుకున్నవాడు బూతు తిట్టాలి. గజానన్‌కు వచ్చిన తెలుగు రెండే రకాలు, తిండి పేర్లు, తిట్లు. రెండూ ఆ గదిలోనే నేర్చాడు.

పోశం భార్య రాజవ్వకు ఈ సంగతి తెలుసు. అందుకే నాలుగు గిన్నెల క్యారియర్‌లో నలుగురికి సరిపడా సర్దేది.

అలాంటి పోశం ఒక ఎండాకాలం మాట తగ్గించాడు. తర్వాత తిండి తగ్గించాడు. తర్వాత షిఫ్టు బస్సు వచ్చి ఎదురుగా ఆగినా ఎక్కకుండా స్టాండులోనే కూర్చునేవాడు. గాలి సోకిందని కొందరన్నారు, ఇంట్లో లొల్లి అని కొందరన్నారు. డాక్టరమ్మ డిప్రెషన్ అని చెప్పి మందులు మొదలుపెట్టింది. నెలల తరబడి సెలవు పెట్టాల్సి వచ్చింది.

మర్యాద అనే శిక్ష

మందులు పనిచేశాయి. పోశం తిరిగి వచ్చాడు. మొదట కొన్నాళ్లు దీపాల గదిలో వేశాం. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు అందించే పని. లైట్ డ్యూటీ అంటే నిజంగా లైట్ల డ్యూటీయే. తర్వాత యంత్రపు గదిలో గజానన్ పక్కన కూర్చోవాలి, లీవరు ముట్టకూడదు. అంతా బాగుంటే డాక్టరమ్మ చూసి, మేనేజర్ ఒప్పుకుంటే లీవరు మళ్లీ ఆయన చేతికి వస్తుంది. లేకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోయి, పోశం రిటైరయ్యేదాకా పైన చిల్లర పనులు చేసుకోవాలి.

ఆయన యంత్రపు గదికి వచ్చే ముందు నేను మల్లేష్‌నీ గజానన్‌నీ పిలిచి ఉపన్యాసం ఇచ్చాను. అప్పుడే హెడ్డాఫీసు శిక్షణ నుంచి వచ్చాను, సానుభూతితో నిండు గర్భిణిలా ఉన్నాను.

"పోశంను ఏడిపియ్యొద్దు. ఎక్కిరియ్యొద్దు. తిట్టొద్దు. ఆయన సామాన్ల జోలికి వోవద్దు. మెల్లగ, మంచిగ మాట్లాడున్రి."

గజానన్ కంగారుపడ్డాడు. "తిట్లు బంద్? మగ బోలాయ్‌చ కాయ్, మేడం?" మరి మాట్లాడడానికి ఇంకేముంది అని ఆయన బాధ.

"నీకు మరాఠీల మర్యాద మాటలు లెవ్వా?"

"ఆహే నా," అన్నాడు దిగులుగా. "పణ్ త్యాచీ సవయ్ నాహీ." ఉన్నాయి కానీ అలవాటు లేదట.

పాపం, అలవాటు చేసుకున్నారు. నా ఉద్యోగం మొత్తంలో నా మాట తు.చ. తప్పకుండా విన్నది ఆ ఒక్కసారే.

కొన్నాళ్లకు రాజవ్వ విసాపూర్ నుంచి ఆటో ఎక్కి నా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, మీరేం మంత్రమేసిండ్రో గని, నా కూర ఎవ్వలు ముడ్తలేరు."

"పోశం మంచిగ తింటుండా?"

"ఆయన తినుడు ఆయన తింటుండు. తక్కినోళ్ల వాటా అట్లనే వాపస్ వస్తుంది. గీ ఎండలకు పొద్దుమీకేసరికి పాసిపోతుంది. పారబోసి పారబోసి పానం ఇసిగింది."

"మరి జర తక్కువ వండరాదు?"

ఆమె నన్ను చూసిన చూపు మేనేజర్ కళ్లజోడు తీసి చూసిన చూపుకన్నా ఘాటుగా ఉంది. "ఒక్కని మందం వండుడు నాకు రాదు మేడం. నా మొగడు ఒక్కడే కూసోని తినేటోడు గాదు."

నేను తలూపి చాయ్ ఇచ్చి పంపాను. ఆమె అంత స్పష్టంగా చెప్పినా నాకు వంట గొడవగానే వినిపించింది.

ఆ వారంలోనే పోశం వచ్చాడు.

"మేడం, నన్ను దీపాల గదిలనే ఉంచున్రి. లీవరు నాకొద్దు. రాసియ్యిమంటె రాసిస్త."

"నిద్ర వడుతలేదా?"

"మంచిగ వడుతుంది. గోలీలు మంచిగనే పనిజేస్తున్నయ్. పొద్దుగాల లేవబుద్ధి గూడ అయితుంది. ఆ గదిలకు వోతెనే..." ఆగాడు.

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏమంటలేరు. గదే గద మేడం! మల్లేష్ బావ నన్ను 'మీరు' అంటుండు. గజ్జూ నేను రాంగనే లేసి నిలవడుతుండు. నా డబ్బా నేనే తీసుకోని నేనే తింటున్న. సచ్చినోని గురించే మేడం, ఎవ్వలు చెడ్డగ మాట్లాడరు."

ఆ మాట విన్నాక నా బల్ల మీద చాయ్ చల్లారింది, నేనూ చల్లారాను. ఒక్క వారం ఆగమని బతిమాలి పంపాను. సంగతి మేనేజర్‌కు చెబితే ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "మంచిదే కదమ్మా, ఆయనే వద్దంటున్నాడు. తాడు చివర మనుషులుంటారు. మనకెందుకు?"

ఏళ్లు పోసి నేర్చుకున్న విద్యను పోశం ఒకరి మర్యాదకు జడిసి వదిలేసుకుంటుంటే నాకు మింగుడు పడలేదు.

ఆర్డరు మీద తిట్లు

కాబట్టి తెలివైన పని ఒకటి చేశాను. మల్లేష్‌నూ గజానన్‌నూ మళ్లీ పిలిచి, ఈసారి తిట్టమన్నాను.

మల్లేష్ అనుమానంగా చూశాడు. "ఎసొంటియి తిట్టాలె మేడం? చిన్నయా, పెద్దయా?"

"ఎప్పుడు ఎట్ల తిట్టుకుంటరో గట్లనే!"

"మీరు ముందుగాల వద్దంటిరి. ఇప్పుడు తిట్టుమంటున్నరు. రేపు మెమో ఇయ్యరు గద?"

మర్నాడు తిండి వేళకు కిటికీ పక్కన నక్కి చూశాను. మల్లేష్ గొంతు సవరించుకున్నాడు. పెళ్లిచూపుల్లో పాట పాడమన్నట్టు చెమటలు పట్టాయి.

"పోశం... మీరు... మీరు శాన లుచ్చా మనిషి."

పోశం తల ఎత్తలేదు. గజానన్ వినయంగా ముందుకు వంగాడు. "అన్నా, నీ కూర... మీ చోరీ కరూ కా?" దొంగతనం చెయ్యమంటావా అని అనుమతి అడుగుతున్నాడు!

పోశం డబ్బా ఆయన వైపు జరిపాడు. "తీస్కో అన్నా. తిను."

అడిగి చేసిన దొంగతనం, ఇచ్చి చేయించుకున్న దోపిడీ. ఇద్దరూ చెరో ముద్ద తీసుకుని ప్రసాదంలా కళ్లకద్దుకున్నంత పని చేశారు. పోశం మెల్లగా కిటికీ వైపు తిరిగాడు.

"మేడం జెప్పిందా?"

"హో," అని ఒప్పేసుకున్నాడు గజానన్. పాపం, ఆయన అబద్ధాలు కూడా మానేసినట్టున్నాడు.

నేను కిటికీ కింద ఇంకాస్త వంగాను. మోకాళ్లు అప్పుడు పట్టేశాయి, ఈ పిల్లలు ఇప్పటికీ వాకబు చేస్తున్నారు.

ఉల్లిగడ్డ

నేను అడిగిన వారం అయిపోవస్తుండగా గజానన్ ఫోన్ చేశాడు. గొంతు కీచుగా ఉంది.

"మేడం, లౌకర్ యా! పోశమ్‌నే చోరీ కేలీ!"

పోశం దొంగతనం చేశాడని విని ఉన్న మోకాళ్లతోనే పరుగెత్తాను. గది బయటికే అరుపులు వినిపించాయి. లోపల పోశం గోడకు ఆనుకుని, మల్లేష్ డబ్బాను ఛాతీకి హత్తుకుని, బుగ్గలు ఉబ్బేలా నములుతున్నాడు. మల్లేష్ ఆ డబ్బా గుంజుతున్నాడు.

"అరే దొంగోడా, గది నా గుడ్డురా! పొద్దటిసంది దాని మీద పానం వెట్టుకోని ఉన్న!"

"నీ పెండ్లాం ఉప్పేసుడు ఎప్పుడు నేర్సుకుంటది బావ? నేను ఆస్పత్రికి వోయి వాపస్ వచ్చిన గని, ఆమె చెయ్యి మాత్రం మారలె."

"నచ్చకపోతె ఉమ్మెయ్యిరాదు!"

"ఉమ్మితె నువ్వు తింటవేమోనని బుగులైతుంది."

గజానన్ నాకు పోశం క్యారియర్ చూపించాడు. నాలుగు గిన్నెలూ తోమి, తుడిచి, తళతళలాడుతున్నాయి. పై గిన్నెలో ఒకే ఒక్క ఉల్లిగడ్డ.

ఆ ఉల్లిగడ్డను పోశం రెండో గుడ్డు కోసం పోరాడుతున్న సమయంలో మల్లేష్ ఎత్తుకుపోయాడు. బల్ల మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, ముక్కలు గజానన్‌కు పంచాడు. "గిది మా చెల్లె రాజవ్వ పంపింది. గిదన్న ఉప్పగ లేదు."

పోశం ఆ ముక్కల్ని చూసి, మల్లేష్‌ను చూసి, ఇక్కడ రాయడానికి నా ఆదివారం బడి ఒప్పుకోని తిట్టు ఒకటి తిట్టాడు. అందరికీ కళ్లలో నీళ్లు. ఉల్లిగడ్డ మంచి సాకు.

రాజవ్వ దగ్గర

మర్నాడు భయపడుతూనే విసాపూర్ వెళ్లాను. గోలీలు వేసుకునే మనిషిని ఖాళీ డబ్బాతో పంపడం ఏమిటని అడగాలి. నేను అడిగేలోపే ఆమె అందుకుంది.

"పొద్దుగాల కడుపునిండ బువ్వ వెట్టి, గోలి ఏసినంకనే తోలిచ్చిన. నాకు గంత అకల్ లేదనుకున్నరా?"

"మంచి ఉపాయం జేసినవ్ రాజవ్వా."

"ఉపాయమేంది మేడం? కోపమచ్చింది! ఆయనకు జబ్బు జేసినకాడికెల్లి ఒక్క మాట అనలె నేను. ఏమంటె ఏమైతదోనని నోరు కుట్టుకోని ఉన్న. మొన్న మళ్ల నిండు గిన్నెలు వాపస్ దెచ్చి నా ముందల వెట్టిండు. ఇగ ఆగలె. 'వండ, నేను వండ, ఉల్లిగడ్డ తిని సావు' అన్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "అన్నంక మస్తు బుగులైంది మేడం. పొద్దుమీకి నవ్వుకుంట వచ్చిండు. వచ్చి నన్ను తిట్టిండు."

"ఏమని?"

"ఉల్లిగడ్డ గూడ ఒక్కటేనా, పిసినారి దానా, అని."

ఆ ఇంట్లో చాలాకాలానికి జరిగిన మొదటి గొడవ అది. ఇద్దరూ దాన్ని పండగలా దాచుకున్నారు.

కొత్తవాళ్లకు ఒక విన్నపం

ఈ సంగతి ఒక శిక్షణలో చెబితే ముందు వరసలోని అబ్బాయి "ఉల్లిగడ్డ పద్ధతి" అని రాసుకున్నాడు. కొట్టెయ్యమన్నాను. మీరూ రాసుకోకండి. పోశంను నిలబెట్టింది డాక్టరమ్మ, మందులు, పట్టినంత కాలం. తిట్లతో డిప్రెషన్ తగ్గేదైతే మా మేనేజర్ పెద్ద ఆసుపత్రి పెట్టేవారు. ఎంతోకాలం మెత్తగానే చూసుకోవాల్సిన వాళ్లున్నారు. లీవరు వద్దని నిజంగా అనుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లను బలవంతం చేయడం పాపం. నేను చెప్పేది చిన్న సంగతి. ఆ మనిషి జబ్బుకు ముందు ఎలాంటి గదిలో బతికాడో కనుక్కోండి, ఆ గదిని ఆయన కోసం అలాగే ఉంచండి. మీ మంచితనంతో దానికి సున్నం వెయ్యకండి. నా రెండో ప్రశ్న ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది: "ఎవలతోని తింటున్నవ్?"

లీవరు

పోశం రాసివ్వలేదు. డాక్టరమ్మ చూసి సరేనంది. కొన్నాళ్లు ఖాళీ బండి నడిపించాం. ఇక మనుషులతో నడపాలి. మేనేజర్ కళ్లజోడు తీశారు.

"ఆ బండిలో మీరు కూర్చుంటారామ్మా?"

"మీరు పక్కన కూర్చుంటే కూర్చుంటాను సార్."

ఇద్దరం కూర్చున్నాం. గంట మోగింది. నేను కళ్లు మూసుకుని నాకు తెలిసిన కీర్తనలన్నీ కలిపి ఒకటే పాడుకున్నాను. కళ్లు తెరిచేసరికి కింద ఉన్నాం. మేనేజర్ చేతిలో చాయ్ గ్లాసు ఉంది, నేను అప్పటిదాకా గమనించనే లేదు. ఆయన గ్లాసులోకి చూశారు, తన పొడి చొక్కా చూసుకున్నారు, చాయ్ తాగేశారు. మళ్లీ పైకి వచ్చాం. ఆయనకు ఇంకా నమ్మకం కుదరలేదో, లేక బాగా కుదిరిందో, ఫిట్టర్లతో కలిసి మరోసారి దిగారు. నేను యంత్రపు గదిలో ఉండిపోయాను.

తిండి వేళైంది. మేనేజర్ బండి పైకి బయల్దేరినట్టు గంట మోగింది. పోశం వీపు నా వైపు ఉంది, చెయ్యి లీవరు మీద ఉంది. ఆయన పక్కన గజానన్. వెనక బల్ల మీద నాలుగు గిన్నెల క్యారియర్, రాజవ్వ చేత్తో సర్దింది. చింతచిగురు, ఎండురొయ్యల వాసన. నాకు అరవైకి దగ్గర పడుతున్న వయసు, గౌరవనీయమైన ఉద్యోగం, మంచి పేరు. మూడూ పక్కన పెట్టి మూత తీశాను.

స్టీలు మూత చప్పుడైంది. పోశం భుజాలు బిగిశాయి.

"ఎవడ్రా గది?"

నోటి నిండా ముద్ద ఉంది. ఏమని చెప్పను?

"మల్లేష్ బావా, నువ్వేనారా? బిడ్డా, బండి పైకి రానియ్యి, నీ చెయ్యి ఇరగ్గొట్టి నీ డబ్బాలనే వెడ్త! నీ తాత గూడ గిట్లనే దొంగతిండి తిని సచ్చిండు!"

గజానన్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడకు జారబడ్డాడు.

పోశం ఇంకా తిడుతూనే ఉన్నాడు. మల్లేష్‌ను, మల్లేష్ తాతను, వాళ్ల ఊరి బర్రెల్ని కూడా వదల్లేదు. తల మాత్రం తిప్పలేదు. కళ్లు తాడు మీదే ఉన్నాయి, తాడు మెల్లగా, తొణక్కుండా చుట్టుకుంటోంది.

నేను రెండో గిన్నె మూత తీశాను.